రక్తపోటు కొలత – మాత్ర పనిచేస్తున్నదో లేదో తెలుసుకొనే విధానం

రక్తపోటు ఉన్నదని తెలిసిన ప్రతి కుటుంబంలోనూ రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. మొదటిది: ఈ రోజు చూసిన అంకె నిజమైనదేనా? రెండవది: వేసుకుంటున్న మాత్ర పనిచేస్తున్నదా? చాలామంది రెండవ ప్రశ్నకే తొందరపడతారు. కాని మొదటి ప్రశ్నకు జవాబు దొరకనిదే రెండవదానికి జవాబు దొరకదు. సరిగా కొలవని అంకెను చూసి మందు మార్చడం, తప్పుడు తూకపు రాళ్లతో బియ్యం కొనడం వంటిది. నష్టం ఎంత జరిగిందో కొన్నవారికి కూడా తెలియదు.

ఈ పాఠంలో రక్తపోటును కొలిచే పద్ధతి, ఆ కొలతలను పుస్తకంలో రాసుకొనే పద్ధతి, మందుకు శరీరం ఎంతవరకు స్పందిస్తుందో ముందుగా అంచనా వేయడంలో వైద్యశాస్త్రం సాధించినది, సాధించలేనిది వివరించబడ్డాయి. మందు ఎంపిక, మోతాదు వైద్యులు నిర్ణయించవలసినవి. వారు సరైన నిర్ణయం తీసుకోవడానికి అవసరమైన అంకెలను అందించగలిగేది మాత్రం రోగి, అతని కుటుంబమే.

రక్తపోటు అంటే

గుండె ముడుచుకున్నప్పుడు రక్తం ధమనుల గోడలను నెట్టే ఒత్తిడి పై అంకె. గుండె సడలినప్పుడు మిగిలి ఉండే ఒత్తిడి కింది అంకె. ఈ రెండింటినీ పాదరసపు మిల్లీమీటర్లలో చెబుతారు. 140/90 అంటే పై అంకె 140, కింది అంకె 90 మిల్లీమీటర్లు అని అర్థం.

పొరుగు భాషలలో దీనికి వేరువేరు పేర్లు ఉన్నాయి. కన్నడంలో రక్తదొత్తడ, తమిళంలో రత్త అళుత్తం, మరాఠీలో రక్తదాబ్, ఒడియాలో రక్తచాప అంటారు. ఆసుపత్రి చీటీ మీద ఏ మాట ఉన్నా కొలిచేది ఒక్కటే. ‘బీపీ’ అంటే అన్నిచోట్లా అర్థమవుతుంది.

వైద్యశాలలో వేర్వేరు రోజులలో కొలిచినప్పుడు పై అంకె 140 గాని, కింది అంకె 90 గాని, అంతకు మించి గాని ఉంటే అధిక రక్తపోటు అని మన దేశంలో పరిగణిస్తారు. ఇది చాలాకాలం నొప్పి లేకుండా, లక్షణాలు లేకుండా ఉంటుంది. ‘నాకు బాగానే ఉంది’ అనిపించడం రక్తపోటు అదుపులో ఉన్నదనడానికి ఆధారం కాదు. లోలోపల మెదడు, గుండె, మూత్రపిండాలు, కన్ను దెబ్బతింటూ ఉండవచ్చు. పెద్ద ఎత్తున జరిగిన పరిశోధనలను కలిపి చూసినప్పుడు, పై అంకె 10 మిల్లీమీటర్లు తగ్గితే పక్షవాతం ముప్పు సుమారు 27 శాతం, గుండె వైఫల్యం ముప్పు సుమారు 28 శాతం తగ్గుతాయని తేలింది. అందువలన 10 మిల్లీమీటర్ల తేడా చిన్నది కాదు. అదే 10 మిల్లీమీటర్ల తేడా తప్పుడు కొలత వలన కూడా వస్తుంది. కష్టమంతా అక్కడే ఉన్నది.

కొలత నడిచివచ్చిన దారి

ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు ఒక ఆడగుర్రపు ధమనిలో ఇత్తడి గొట్టం పెట్టి, దానికి పొడవైన గాజు గొట్టం తగిలించి, రక్తం 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు లేవడం చూశాడు. ఆ ప్రయోగాల వివరాలు 1733లో ప్రచురితమయ్యాయి. మనుషులకు అటువంటి పద్ధతి పనికిరాదు. 1896లో ఇటలీలోని టురిన్ నగరంలో రివా రోచి అనే వైద్యుడు చేతికి గాలిపట్టీ చుట్టి, దానిని పాదరసపు గొట్టానికి కలిపి పై అంకెను కొలిచాడు. 1905లో రష్యా వైద్యుడు నికొలాయ్ కొరొట్కోఫ్, పట్టీ కింద ధమని మీద స్టెతస్కోపు ఆనించి వింటే రెండు అంకెలనూ తెలుసుకోవచ్చునని చూపాడు. గాలి నెమ్మదిగా వదులుతుండగా మొదటి చప్పుడు వినిపించినచోట పై అంకె, చప్పుడు పూర్తిగా ఆగినచోట కింది అంకె. నేటికీ చేతితో కొలిచే పద్ధతి ఇదే.

ఈ చరిత్రలో గుర్తుంచుకోవలసిన విషయం మరొకటి ఉన్నది. రివా రోచి వాడిన పట్టీ వెడల్పు 5 సెంటీమీటర్లు మాత్రమే. అంత సన్నని పట్టీ అసలుకంటే ఎక్కువ అంకెను చూపుతుందని 1901లో జర్మన్ శాస్త్రవేత్త ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ కనిపెట్టి వెడల్పు పెంచాడు. అంటే యంత్రం పుట్టిన అయిదేళ్లకే పట్టీ కొలతను గురించిన హెచ్చరిక కూడా పుట్టింది. అది ఇంకా అన్ని ఇళ్లకూ చేరలేదు.

ఇళ్లలో వాడే ఎలక్ట్రానిక్ యంత్రం చప్పుళ్లను వినదు. గాలి తగ్గుతుండగా పట్టీలో కలిగే నాడి కంపనాలను గుర్తించి, వాటినుండి లెక్క కట్టి రెండు అంకెలనూ చూపుతుంది. నాడి క్రమం తప్పి కొట్టుకొనేవారిలో ఈ లెక్క అంత నమ్మదగినది కాదు. అటువంటివారికి వైద్యశాలలో చేతితో కొలిపించుకోవడం మేలు.

సరైన కొలతకు నియమాలు

కొలిచే ముందు అరగంటసేపు కాఫీ, టీ, బీడీ, సిగరెట్, వ్యాయామం ఉండరాదు. మూత్రవిసర్జన ముగించుకోవాలి. వెనుక ఆనుకొనే వీలున్న కుర్చీలో అయిదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోవాలి. రెండు పాదాలూ నేలకు ఆనాలి. కాలు మీద కాలు వేసుకోరాదు. పట్టీని చొక్కా చేయి మీద గాక, చర్మం మీదే చుట్టాలి. ముంజేతిని బల్లమీద ఆనించి, పట్టీ గుండె ఎత్తులో ఉండేటట్లు చూడాలి. కొలుస్తున్నంతసేపు మాట్లాడరాదు, ఫోను చూడరాదు.

చేయి పెట్టే తీరు ఒక్కటే అంకెను ఎంత మారుస్తుందో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనం చూపింది. చేతిని బల్లకు బదులు ఒడిలో పెట్టుకుంటే పై అంకె సుమారు 4 మిల్లీమీటర్లు, పక్కన వేలాడదీస్తే సుమారు 6.5 మిల్లీమీటర్లు ఎక్కువగా కనిపించింది. రద్దీగా ఉండే చికిత్సాలయంలో బల్ల లేని చోట, నిలబెట్టి కొలిచే చోట ఈ తేడా రోజూ వస్తూనే ఉంటుంది.

పట్టీ పరిమాణం అంతకంటే ముఖ్యం. పట్టీలోపలి గాలిసంచి పొడవు, పైచేతి చుట్టుకొలతలో 80 శాతం వరకు ఉండాలి. లావైన చేతికి మామూలు పట్టీ చుడితే అంకె ఎక్కువగా వస్తుంది. సన్నని చేతికి పెద్ద పట్టీ చుడితే తక్కువగా వస్తుంది. మిక్కిలి పెద్ద పట్టీ అవసరమైనవారికి మామూలు పట్టీ చుట్టినప్పుడు పై అంకె సుమారు 20 మిల్లీమీటర్లు ఎక్కువగా కనిపించిందని 2023లో మరొక అధ్యయనం తెలిపింది. యంత్రం కొనేటప్పుడు టేపుతో పైచేతి మధ్యభాగాన్ని కొలిచి, పట్టీమీద ముద్రించిన సెంటీమీటర్ల హద్దుల లోపల ఆ కొలత ఉన్నదో లేదో చూడాలి. మణికట్టుకు, వేలికి తగిలించే యంత్రాల కంటే పైచేతికి చుట్టేది నమ్మదగినది.

ఒక్కసారి కొలిచి లేవరాదు. ఒక నిమిషం ఆగి రెండవసారి కొలవాలి. రెంటి సగటును రాసుకోవాలి. మొట్టమొదటిసారి రెండు చేతులకూ కొలిచి, ఏ చేతికి అంకె ఎక్కువగా వచ్చిందో, ఆ తరువాత ఎప్పుడూ ఆ చేతికే కొలవాలి.

ఏ అంకెను నమ్మాలి

వైద్యశాలకు రాగానే కొందరి రక్తపోటు పెరుగుతుంది. ఇంట్లో అదే మనిషికి మామూలుగా ఉంటుంది. దీనిని తెల్లకోటు ప్రభావం అంటారు. కొందరి విషయంలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. వైద్యుని ముందు సరిగా ఉండి, పనిచోట, ఇంటిలో ఎక్కువగా ఉంటుంది. దీనిని మరుగున ఉన్న రక్తపోటు అంటారు. రాత్రి పాళీలలో పనిచేసే భద్రతా సిబ్బంది, ఎండలో బరువులు మోసే భవన నిర్మాణ కార్మికులు, పొగాకు అలవాటు ఉన్నవారు ఈ రెండవ రకాన్ని మరచిపోరాదు.

ఇంటి కొలతకు హద్దు వేరు. వైద్యశాలలో 140/90 హద్దు అయితే, ఇంట్లో ఏడు రోజుల సగటుకు 135/85 హద్దు. చేతికి యంత్రం కట్టి 24 గంటలూ మధ్య మధ్య కొలిచే పద్ధతి ఇంకొకటి ఉన్నది. అందులో రోజంతటి సగటుకు 130/80 హద్దు. నిద్రలో రక్తపోటు తగ్గుతున్నదో లేదో తెలిసేది ఈ పద్ధతిలోనే. ఖర్చు, సౌకర్యం దృష్ట్యా ఎక్కువమందికి అందుబాటులో ఉండేది ఇంటి కొలత.

మొదటి అంకె చూపే భ్రమ

ఒక మనిషి అసలు సగటు 146 అనుకుందాం. అతడు ఎండలో నడిచి, మెట్లెక్కి, వరుసలో గంటసేపు నిలబడి చికిత్సాలయానికి వచ్చిన రోజున 164 కనిపించింది. మాత్ర రాశారు. రెండు వారాల తరువాత మళ్లీ చూస్తే 148. ‘మాత్ర 16 పాయింట్లు తగ్గించింది’ అని ఇంట్లో సంతోషించారు. కాని అతడు ఆ మాత్ర వేసుకోకపోయినా రెండవసారి 146 దరిదాపుల్లోనే వచ్చేది. మాత్ర చేసిన పని దాదాపు శూన్యం కావచ్చు.

ఇంకొక మనిషి అసలు సగటు 158. మొదటి రోజున అదృష్టవశాత్తు 150 కనిపించింది. మాత్ర నిజంగానే సగటును 149కి దించింది. కాని రెండవసారి చూసిన రోజున 152 వచ్చింది. ‘ఈ మాత్ర పనిచేయలేదు, పైగా పెరిగింది’ అని అతడు మానేశాడు. ఇక్కడ 9 మిల్లీమీటర్ల మేలు చేసిన మందు చెత్తబుట్టలో పడింది.

ఈ రెండు పొరపాట్లకూ కారణం ఒక్కటే. ఒకే మనిషి రక్తపోటు ఒకసారికీ మరొకసారికీ 10 మిల్లీమీటర్లు అటూ ఇటూ మారడం సాధారణం. మొదటిసారి చాలా ఎక్కువగా కనిపించిన అంకె రెండవసారి దానంతట అదే సగటువైపు జరుగుతుంది. పందొమ్మిదవ శతాబ్దంలో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తును, పిల్లల ఎత్తును పోల్చి ఈ ధర్మాన్ని వివరించాడు. మందుల దుకాణానికీ, నాటువైద్యానికీ, తాయెత్తుకూ రాని పేరు తెచ్చిపెట్టేది కూడా ఇదే. బాధ ఎక్కువైన రోజున వెళ్లినవారికి, తరువాతి రోజులలో ఎలాగూ కొంత తగ్గుతుంది. తగ్గించిన ఘనత అప్పుడు చేతిలో ఉన్నదానికి దక్కుతుంది.

పుస్తకంలో రాసుకొనే పద్ధతి

ఈ భ్రమనుండి బయటపడే మార్గం సులువైనది. మందు మొదలుపెట్టే ముందు ఏడు రోజులు, మొదలుపెట్టిన నాలుగు వారాల తరువాత ఏడు రోజులు, ఉదయం మాత్ర వేసుకోకముందు, సాయంత్రం భోజనానికి ముందు కొలిచి రాసుకోవాలి. మొదటి రోజు అంకెలను విడిచిపెట్టాలి. యంత్రం కొత్త కావడం వలన, ఆదుర్దా వలన ఆ రోజు అంకెలు ఎక్కువగా ఉంటాయి. మిగిలిన ఆరు రోజుల పన్నెండు అంకెలను కూడి, పన్నెండుతో భాగించాలి.

ఉదాహరణకు మందుకు ముందు ఒక వారం పై అంకెలు ఇవి. ఉదయం: 158, 150, 146, 152, 144, 149, 147. సాయంత్రం: 152, 146, 143, 148, 141, 146, 146. మొదటి రోజువైన 158ని, 152ని తీసివేస్తే ఉదయపు మొత్తం 888, సాయంత్రపు మొత్తం 870. రెండూ కలిపి 1758. పన్నెండుతో భాగిస్తే 146.5.

నాలుగు వారాలు మాత్ర వేసుకున్న తరువాత, మొదటి రోజును విడిచి, ఉదయం: 139, 136, 141, 137, 135, 138. సాయంత్రం: 136, 138, 134, 137, 135, 138. మొత్తం 826, 818 కలిపి 1644. సగటు 137.

తగ్గినది 9.5 మిల్లీమీటర్లు. ఈ అంకెను నమ్మవచ్చు, ఎందుకంటే ఇది రెండు రోజుల మధ్య తేడా కాదు, రెండు వారాల మధ్య తేడా. మందు పనిచేసింది. కాని 135 హద్దు కంటే సగటు ఇంకా పైనే ఉన్నది. ‘మందు పనిచేసింది’ అనే మాట, ‘రక్తపోటు అదుపులోకి వచ్చింది’ అనే మాట రెండూ ఒకటి కావు. ఈ పుస్తకాన్ని చూసిన వైద్యుడు మాత్రను మార్చడు, దానికి మరొకటి చేర్చే విషయం ఆలోచిస్తాడు.

కింది అంకెలను కూడా ఇదే విధంగా రాసుకొని సగటు కట్టాలి.

మందు ఎంత తగ్గిస్తుందో ముందుగా చెప్పగలమా

354 ప్రయోగాలను కలిపి లెక్కించి 2003లో బ్రిటన్ పరిశోధకులు ఒక అంచనాను ప్రచురించారు. సగటున 154/97 ఉన్నవారిలో, ఏ తరగతికి చెందిన మందైనా మామూలు మోతాదులో పై అంకెను సుమారు 9, కింది అంకెను సుమారు 5 మిల్లీమీటర్లు తగ్గించింది. సగం మోతాదులో ఆ మేలులో దాదాపు 80 శాతం లభించింది. మొదట ఉన్న రక్తపోటు ఎంత ఎక్కువైతే, తగ్గుదల కూడా అంత కొంచెం ఎక్కువగా ఉన్నది.

దీనినుండి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, సగటు 165 ఉన్న మనిషి ఒక్క మాత్రతో 135కు దిగుతాడని ఆశించడం సరికాదు. రెండు, ఒకే మాత్ర మోతాదును రెట్టింపు చేయడం వలన కలిగే అదనపు మేలు స్వల్పం. 2009లో ప్రచురితమైన మరొక విశ్లేషణ ప్రకారం, మోతాదు రెట్టింపు చేయడం కంటే వేరే తరగతి మందును చేర్చడం వలన కలిగే అదనపు తగ్గుదల సుమారు అయిదు రెట్లు. అందువలన వైద్యుడు రెండవ మాత్ర రాసినప్పుడు ‘జబ్బు ముదిరింది’ అని భయపడవలసిన పనిలేదు. అది చికిత్సలో సహజమైన రెండవ మెట్టు.

మనిషినిబట్టి మందు ఎంచుకోవచ్చునా అనే ప్రశ్న పాతది. మూత్రపిండాలు రెనిన్ అనే పదార్థాన్ని స్రవిస్తాయి. అది రక్తనాళాలను బిగించే, ఉప్పును నిలిపివుంచే వ్యవస్థను నడిపిస్తుంది. వయసులో ఉన్నవారిలో రెనిన్ సాధారణంగా ఎక్కువ. వారికి ఆ వ్యవస్థను అడ్డుకొనే టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ వంటివి బాగా పనిచేయవచ్చు. వృద్ధులలో రెనిన్ తక్కువ. వారికి ఆమ్లోడిపిన్ వంటి రక్తనాళాలను సడలించేవి, క్లోర్‌థాలిడోన్ వంటి మూత్రం ద్వారా ఉప్పును పంపించేవి బాగా పనిచేయవచ్చు. ఇది మొగ్గు మాత్రమే, నియమం కాదు. మధుమేహం, మూత్రపిండ వ్యాధి, గుండె జబ్బు, గర్భం వంటివి ఉన్నప్పుడు ఎంపికకు వేరే కారణాలు ముందుకు వస్తాయి. గర్భిణులు టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ తరగతి మందులను వాడరాదు. గర్భం ధరించే ఆలోచన ఉన్నవారు ముందుగానే వైద్యునికి చెప్పాలి.

స్వీడన్‌లోని ఉప్సాలాలో 280 మందికి నాలుగు వేర్వేరు మందులను మార్చి మార్చి, తిరిగి తిరిగి ఇచ్చి చేసిన పరిశోధన 2023లో వెలువడింది. ఒక్కొక్కరికి ఒక్కొక్క మందు మెరుగ్గా పనిచేయడం నిజమేనని, ఎవరికి తగినది వారికి ఇవ్వగలిగితే పై అంకె అదనంగా సుమారు 4.4 మిల్లీమీటర్లు తగ్గవచ్చునని అది చూపింది. ఇందులో ‘తిరిగి తిరిగి’ అన్న మాటను గమనించాలి. ఒక్కసారి ఇచ్చి చూస్తే, తేడా మందు వలన వచ్చిందో, రోజు మారడం వలన వచ్చిందో విడదీయడం సాధ్యం కాదు.

మన దేశంలో 32 ఆసుపత్రులలో సుమారు 2000 మందితో జరిగిన టాప్‌స్పిన్ పరిశోధన ఫలితాలు 2025లో వెలువడ్డాయి. రెండు మందులు కలిసిన ఒకే మాత్రను మూడు రకాల జతలలో ఇచ్చి చూశారు. మూడు జతలూ దాదాపు సమానంగా పనిచేశాయి. సుమారు 70 శాతం మందికి రక్తపోటు 140/90 లోపలికి వచ్చింది. ఇందులో ఈ పాఠానికి సంబంధించిన ముఖ్యమైన విషయం ఒకటి ఉన్నది. చికిత్సాలయంలో కొలిచినప్పుడు తగ్గుదల సుమారు 30/14. అదే మనుషులకు 24 గంటల యంత్రంతో కొలిచినప్పుడు తగ్గుదల సుమారు 14/8. మందు ఒక్కటే, మనుషులు వారే. మారినది కొలత. పైన చెప్పిన సగటువైపు జరగడం, తెల్లకోటు ప్రభావం అలవాటువలన సన్నగిల్లడం వంటివి చికిత్సాలయపు అంకెను పెద్దది చేస్తాయి.

ఈ రెండు పరిశోధనలూ ఒకదానికొకటి విరుద్ధమైనవి కావు. గుంపు సగటున మూడు జతలు సమానమైనంత మాత్రాన ప్రతి ఒక్కరికీ అవి సమానమని కాదు. అయితే మొదటి మెట్టులో ఏ జతను ఎంచుకోవాలా అని ఎక్కువకాలం తర్జనభర్జన పడడం కంటే, ఒకటి మొదలుపెట్టి, క్రమం తప్పకుండా వేసుకొని, సరిగా కొలిచి చూడడం మేలని రెండూ చెబుతున్నాయి. 2017 చివర మొదలై తెలంగాణ, మహారాష్ట్ర సహా అయిదు రాష్ట్రాలలో ఆరంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం కూడా మెట్టుమెట్టుగా సాగే సులువైన చికిత్సా పద్ధతినే అనుసరించింది.

స్పందన తక్కువగా కనిపించినప్పుడు

సగటు తగ్గలేదని తేలితే, మందును నిందించే ముందు వరుసగా కొన్ని విషయాలు పరిశీలించాలి. పట్టీ సరైనదేనా? మాత్ర ప్రతిరోజూ పడుతున్నదా? గడచిన ఏడు రోజులలో ఎన్ని రోజులు మానినదీ వైద్యునికి దాచకుండా చెప్పాలి. మానిన సంగతి తెలియని వైద్యుడు మోతాదు పెంచుతాడు. తరువాత రోగి ఒక్కసారిగా సక్రమంగా వేసుకోవడం మొదలుపెడితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉన్నది.

కీళ్లనొప్పులకు, నడుమునొప్పికి దుకాణంలో కొని వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు రక్తపోటును పెంచుతాయి, కొన్ని బీపీ మందుల పనిని తగ్గిస్తాయి. మద్యం, ముక్కుదిబ్బడకు వాడే కొన్ని మాత్రలు, నిద్రలో గురకతో ఊపిరి ఆగడం కూడా కారణాలే.

ఉప్పు సంగతి వేరుగా చెప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాడు. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు కలిసిన భోజనంలో ఆ హద్దు తెలియకుండానే దాటుతుంది. ఊరు విడిచి వచ్చినవారికి ఊరి రుచి పచ్చడి జాడీలోనే మిగిలి ఉంటుంది. దానిని పూర్తిగా వదలమని ఎవరూ కోరరు. పచ్చడి ఉన్న పూట అప్పడం మానడం, మజ్జిగలో ఉప్పు వేయకపోవడం, పచ్చడిని కూరలా కాక నంజుకోవడానికే పరిమితం చేయడం సాధ్యమైన పనులు. ఉప్పు తగ్గితే టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ తరగతి మందులు మరింత బాగా పనిచేస్తాయి. పొటాషియం కలిసిన ఉప్పును మూత్రపిండ వ్యాధి ఉన్నవారు, ఈ తరగతి మందులు వాడేవారు వైద్యుని అడగకుండా వాడరాదు.

ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాల వాపు, ఎనలాప్రిల్ తరగతితో పొడిదగ్గు రావచ్చు. అవి వచ్చినప్పుడు సొంతంగా మానివేయరాదు. చెబితే వైద్యుడు వేరే మందుకు మారుస్తాడు.

ఊరికి వెళ్లేటప్పుడు, ఊరు మారేటప్పుడు

సంక్రాంతికో దసరాకో ఊరికి వెళ్లిన రెండు మూడు వారాలలో చికిత్స తెగిపోవడం వలస కుటుంబాలలో తరచుగా జరుగుతుంది. మాత్రలు అయిపోతాయి, అక్కడి దుకాణంలో అదే పేరుతో దొరకవు. మందు పెట్టెమీద ఉండే వ్యాపారనామం కంపెనీనిబట్టి మారుతుంది. లోపలి మందు పేరు మారదు. పుస్తకం మొదటి పేజీలో ‘ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. ఉదయం ఒకటి’ అని అసలు పేరు, మోతాదు, వేళ తెలుగులోను, ఆంగ్లంలోను రాసుకుంటే ఏ ఊరిలోనైనా అదే మందు దొరుకుతుంది. జన ఔషధి కేంద్రాలలో అసలు పేరుతోనే తక్కువ ధరకు అమ్ముతారు. ప్రయాణానికి ముందు, ఉండబోయే రోజులకంటే పది రోజులు ఎక్కువకు సరిపడే మాత్రలు తీసుకోవాలి.

మరాఠీ చీటీలలో అంకెలు కూడా దేవనాగరిలో ఉండవచ్చు. ఊరిలోని వైద్యునికి అవి అర్థం కాకపోవచ్చు. అందువలన చీటీని భద్రపరచడంతోపాటు, ప్రతి సందర్శనలోని తేదీని, అంకెలను పుస్తకంలోకి మామూలు అంకెలలో ఎక్కించుకోవాలి. 30 ఏళ్లు నిండినవారందరూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు, మధుమేహం పరీక్షలు చేయించుకోవచ్చు.

అంకెలు మామూలుగా వస్తున్నాయని మాత్ర మానడం అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు. మాత్ర ఉన్నందువల్లనే అంకెలు అలా ఉన్నాయి. గొడుగు కింద తడవలేదని వానలో గొడుగు ముడిచినట్లు అవుతుంది.

ఆగకూడని సందర్భం

ఏడు రోజుల సగటు నియమం అత్యవసర పరిస్థితికి వర్తించదు. అంకె 180/120 గాని, అంతకు మించి గాని ఉండి, ఛాతీ నొప్పి, ఆయాసం, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారడం, మూతి వంకరపోవడం, ఒక చేయి లేదా కాలు పట్టు తప్పడం, మాట తడబడడం వంటివి కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేయాలి. మూతి, చేయి, మాట విషయంలో అంకె ఎంత ఉన్నదో చూస్తూ కూర్చోరాదు. లక్షణాలు ఏవీ లేకుండా అంకె మాత్రమే అంత ఎక్కువగా ఉంటే, అయిదు నిమిషాలు కూర్చొని మళ్లీ కొలవాలి. అప్పటికీ తగ్గకపోతే ఆ రోజే వైద్యుని చూడాలి.

అభ్యాసం

1. ఇంటిలోని యంత్రపు పట్టీమీద ముద్రించిన హద్దులను, వాడే ప్రతి ఒక్కరి పైచేతి చుట్టుకొలతతో సరిపోల్చి చూడండి.

2. ఒక వారపు ఉదయపు అంకెలు 149, 142, 138, 144, 140, 136, 140. సాయంత్రపు అంకెలు 145, 138, 136, 140, 134, 138, 134. మొదటి రోజును విడిచి సగటు కట్టండి. ఇంటి హద్దు లోపల ఉన్నదా? (జవాబు: మొత్తం 1660, సగటు సుమారు 138, హద్దు దాటినది.)

3. మొదటిసారి 170, మాత్ర వేసుకున్న పది రోజులకు 152 వచ్చిన మనిషి ‘మందు 18 తగ్గించింది’ అంటే, అతనిని అడగవలసిన రెండు ప్రశ్నలు ఏవి?

4. ఇంట్లో వాడుతున్న ప్రతి మందు పెట్టెమీద వ్యాపారనామం పక్కన ఉన్న అసలు పేరును గుర్తించి, పుస్తకం మొదటి పేజీలో రాయండి.